దస్తావేజునకు వ్యాకరణము వలదా?

నందిగామలో గాని జగ్గయ్యపేటలో గాని రిజిస్ట్రేషను కచేరి వాకిట ఒక పూట నిలిచి చూచినవారికి ఒక వింత కానవచ్చును. తాతలనాటి పొలమును అమ్మువాడు తెలుగువాడు. జన్మమంతయు కూడబెట్టిన సొమ్మిచ్చి కొనువాడు తెలుగువాడు. వ్రాయువాడును తెలుగువాడే. వ్రాసినది తెలుగు లిపియే. కాని లేఖరి దస్తావేజు చదివి వినిపించునప్పుడు అమ్మువాడును కొనువాడును తలయూపుదురే గాని, అందులోని మూడవ వాక్యమునకు అర్థము చెప్పుమన్నచో ఇరువురును లేఖరి మొగము చూతురు. లేఖరి తన పాత నకలు మొగము చూచును. చదువగా విని సమ్మతించి చేవ్రాలు చేసితిమను మాట తుదిని ఉండనే యుండును. విన్నమాట నిజము. సమ్మతించినమాటయు నిజమే. తెలిసికొంటిమను మాటను మాత్రము ఎవరును వ్రాయరు.

వ్యాకరణము పండితగోష్ఠికి సంబంధించిన ముచ్చటయనియు, ఆస్తికిని హక్కునకును దానితో పని లేదనియు మనలో ననేకులు తలంచుచున్నారు. పద్యమున విభక్తి తప్పినచో రసభంగమగును. దస్తావేజున విభక్తి తప్పినచో సరిహద్దుగట్టు కదలును. కవి చేసిన తప్పును విమర్శకుడు మరునాడే చూపగలడు. దస్తావేజులోని తప్పు ముప్పది యేండ్లు పెట్టెలో నిద్రించి, వ్రాసినవాడును వ్రాయించినవాడును సాక్షులును గతించిన పిమ్మట మేల్కొనును. అప్పుడు దానిని దిద్దుటకు న్యాయస్థానము తప్ప దిక్కుండదు. వకీలు ఫీజులు, సాక్షుల బత్తెములు, ఏండ్లతరబడి వాయిదాలు, అన్నదమ్ముల నడుమ మాటలు లేకపోవుట, ఇవియన్నియు ఒక చెడ్డ వాక్యమునకు చెల్లించు వడ్డీ. కావున చట్టములను, తీర్పులను, దస్తావేజులను స్పష్టముగను అన్వయశుద్ధిగను వ్రాయుట భాషాభిమానుల వేడుక గాదు. స్వరాజ్యమున మిగిలిపోయిన పనులలో నొకటియని మా అభిప్రాయము.

ఈ మాటలోని సత్యము పరిటాల సీమవారికి తెలిసినంతగా వేరెవరికిని తెలియదు. కృష్ణాజిల్లా మెట్టసీమ నడుమనున్న పరిటాలయు, దాని పొరుగున కొన్ని గ్రామములును, చుట్టును ఇంగ్లీషువారి యేలుబడిలోని చెన్నరాజధాని భూములే యుండగా, నైజాము ప్రభుత్వమునకు చెందియుండెను. 1947 ఆగస్టు 15వ తేదీన ఇరుగుపొరుగు గ్రామములు స్వాతంత్ర్యోత్సవము చేసికొనినను ఈ గ్రామములకు ఆ భాగ్యము దక్కలేదు. ప్రజలు ఊరకుండక తమ గ్రామములు స్వతంత్రములని తామే చాటిరి. పరిటాల రిపబ్లిక్ అను పేరు అట్లు చరిత్రకెక్కెను. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరిన పిదప ఈ గ్రామములు కృష్ణాజిల్లాలో కలిసినవి. 2022 ఏప్రిలునుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో నున్నవి.

ఈ చరిత్రలో మన ప్రస్తుతమునకు కావలసిన సంగతి వేరొకటి కలదు. ఒకే నేల, ఒకే వాన, ఒకే తెలుగు. గట్టునకు ఈవల నైజాము కచేరీల భాష ఉర్దూ. ఆవల న్యాయస్థానములలో పెద్దరికము ఇంగ్లీషుది. రెండుప్రక్కల రైతులును ఒకే సంతకు పోవుచు, పిల్లలను ఇచ్చి పుచ్చుకొనుచు, ఒకే భాషలో కలహించి ఒకే భాషలో సమాధానపడుచుండిరి. కలహము కచేరి గడప యెక్కినంతనే ఇరువురి మాటయు వారికి తెలియని మాటగా మారుచుండెను. కొలతలయందును ఇట్టి చిక్కే. తెలంగాణమున ఎకరమునకు 40 గుంటలు. కోస్తాలో 100 సెంట్లు. ఒక కాగితమున పది యను అంకె మాత్రము వ్రాసి, గుంటలో సెంట్లో చెప్పకున్నచో, పావు ఎకరము కాస్త ఎకరమున పదవవంతుగా దిగజారును. దేశము స్వతంత్రమైనది, నైజాము సరిహద్దు చెరిగినది, దస్తావేజు భాష మాత్రము ఇంకను ప్రజలలో విలీనము కాలేదు.

మన పెద్దలకు ఈ విషయమున శ్రద్ధ లేకపోలేదు. తెలుగుభాషకు తెలుగున తొలి వ్యాకరణము రచించినవాడు మూలఘటిక కేతన. 13వ శతాబ్దివాడు, తన దశకుమారచరిత్రమును తిక్కన సోమయాజికి అంకితమిచ్చినవాడు. ఆ వ్యాకరణము పేరు ఆంధ్రభాషాభూషణము. ఆ కేతనయే విజ్ఞానేశ్వరుని మితాక్షర నాధారముగా గైకొని విజ్ఞానేశ్వరీయమను ధర్మశాస్త్ర గ్రంథమును తెలుగున వెలయించెను. వ్యాజ్యములను, వ్యవహారములను గూర్చిన భాగము అందు ప్రధానమైనది. తెలుగున తొలి వ్యాకరణమును, తొలి ధర్మశాస్త్రమును ఒకే చేతినుండి వెలువడినవన్నమాట. భాషకు నియమము చెప్పినవాడే వ్యవహారమునకును నియమము చెప్పెను. ఆ రెండు విద్యలను విడదీసినవారము తరువాతివారమైన మనమే.

శిలాశాసనములను చూడుడు. జగ్గయ్యపేట స్తూపముకడ దొరకిన ప్రాకృత శాసనము ఇక్ష్వాకురాజైన వీరపురుషదత్తుని కాలమునాటిది. ఏ రాజు, పాలనలో ఎన్నవ యేడు, ఏ ఋతువు, ఎన్నవ పక్షము, ఏ దినము, దాత యెవరు, అతని తల్లి యెవరు, భార్య యెవరు, కుమారుడెవరు, ఇచ్చినదేమి, ఎక్కడ నెలకొల్పినది, ఇవన్నియు వరుసగా నున్నవి. దాత సిద్ధార్థుడను శిల్పి; ఇచ్చినవి అయిదు ఆయకస్తంభములు. పదునేడు వందల యేండ్లు గడచినను ఇచ్చినదెవరు, ఇచ్చినదేమి యను ప్రశ్నకు తావులేదు. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవునందు వేయించిన అభయశాసనమును అట్టిదే. తుపానుకు చెదరి ఒడ్డుచేరిన ఓడల సరకులను పూర్వపు రాజులు బలాత్కారముగ గైకొనుచుండిరనియు, తాము నియమితమైన సుంకము తప్ప మరేమియు గైకొనమనియు చెప్పి, ఆ సుంకము ముప్పదింట నొకవంతని ఏర్పరచెను. పూర్వాచారమేమి, ఇప్పటి మార్పేమి, ఎంత, ఎవరికి: శాసనమునకు ఇంతకుమించిన లక్షణము ఏ దేశమువారును చెప్పలేదు.

ఇంగ్లీషువారి యేలుబడిలో వచ్చిన చట్టములన్నియు దుష్టములని మేము చెప్పము. మెకాలే నడపిన సంఘము పూనికతో మొదలై 1860లో చట్టమైన శిక్షాస్మృతిలో ఒక సుగుణము కలదు. సూత్రము చెప్పి, దాని క్రింద దృష్టాంతములు చెప్పుట. ఇట్లు చేసినచో దొంగతనము, ఇట్లు చేసినచో కాదు, అని బాలబోధగా వివరించుట. 1872 నాటి సాక్ష్యచట్టమును, కాంట్రాక్టు చట్టమును ఆ పద్ధతినే అనుసరించినవి. కాంట్రాక్టు చట్టము 29వ సెక్షను అర్థనిశ్చయము లేని ఒడంబడిక చెల్లదని చెప్పి, నూరు టన్నుల నూనె అమ్మెదనని ఒప్పుకొని ఏ నూనెయో తెలుపనిచో ఆ ఒడంబడిక వ్యర్థమని దృష్టాంతము చూపుచున్నది. కొబ్బరినూనె వర్తకుడే అట్లు ఒప్పుకొనినచో వ్యాపారమునుబట్టియే అర్థము తెలియును గనుక చెల్లుననియు చెప్పుచున్నది. ఇది చదివినవాడు ఎంత అల్పవిద్యుడైనను సూత్రము మరువడు. మన ప్రాచీన శాస్త్రములలోని సూత్రోదాహరణ పద్ధతియు ఇదియే గదా! తరువాతి చట్టములలో ఈ సుగుణము నానాట సన్నగిల్లినది; ఉపసెక్షనులు, మినహాయింపులు, మినహాయింపులకు మినహాయింపులు పెరిగినవి.

ఆస్తిపరులైన మన పాఠకుల ఇండ్లలోనికి వచ్చిన ఉదాహరణము నొకదానిని చెప్పెదము. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమున 14వ సెక్షను కలదు. హిందూ స్త్రీ స్వాధీనమందున్న ఆస్తి, చట్టమునకు పూర్వము వచ్చినదైనను పిదప వచ్చినదైనను, పరిమితమైన హక్కుతో గాక సంపూర్ణమైన హక్కుతో ఆమెదేయని మొదటి ఉపసెక్షను చెప్పుచున్నది. మనోవర్తికి బదులుగా వచ్చిన ఆస్తియు అందు చేరునని దాని క్రింది వివరణము. దానపత్రము, వీలునామా, మరి యే పత్రము, కోర్టు డిక్రీ మొదలగువాని మూలమున పరిమితహక్కు షరతుతో వచ్చిన ఆస్తికి మొదటి ఉపసెక్షను వర్తింపదని రెండవ ఉపసెక్షను చెప్పుచున్నది. సరియే. మనోవర్తికి బదులుగా ఇచ్చిన భూమినే పరిమితహక్కు షరతుతో పత్రముమీద వ్రాసి యిచ్చినచో అది దేని క్రిందికి వచ్చును? మొదటిదాని క్రిందికా, రెండవదాని క్రిందికా? చట్టము కూర్చినవారు ఈ ప్రశ్నను తామే వేసికొని ఒక్క వాక్యమున సమాధానము వ్రాసినచో ఎన్ని కుటుంబములు బ్రతికిపోయెడివో!

వారు వ్రాయలేదు. ఫలము నెల్లూరుసీమకు చెందిన తులశమ్మ వ్యాజ్యమున బయలుపడినది. భర్తను కోల్పోయిన ఆమె 1944లో మనోవర్తికై దావా తెచ్చెను. 1949లో రాజీ జరిగినది. జీవితాంతము అనుభవించుటకు, అమ్ముటకు హక్కు లేకుండ, ఆమెకు కొంత ఆస్తి నిచ్చిరి. 1956లో చట్టము వచ్చెను. 1960, 1961 సంవత్సరములలో ఆమె ఆ ఆస్తిలో కొంత కౌలుకిచ్చియు, కొంత అమ్మియు ఉండగా, భర్త సోదరుడు ఆక్షేపించెను. ఒక న్యాయస్థానము ఆమెకు వ్యతిరేకముగను, పై న్యాయస్థానము అనుకూలముగను, ఆపై హైకోర్టు మరల వ్యతిరేకముగను తీర్పులు చెప్పినవి. తుదకు 1977లో సుప్రీంకోర్టు ఆమె పక్షమున తీర్పు చెప్పెను. మనోవర్తిహక్కు పూర్వమే కలదు గనుక, ఆ హక్కునకు బదులుగా వచ్చిన ఆస్తి మొదటి ఉపసెక్షను క్రిందనే చేరునని దాని సారాంశము. ఆ తీర్పునందే న్యాయమూర్తి భగవతి ఈ సెక్షను కూర్పు చక్కగా లేనందున కక్షిదారులకు అంతులేని గందరగోళమును, న్యాయవాదులకు స్వర్గమును సమకూడినవని విచారము వెలిబుచ్చిరి.

దావా మొదలైన నాటినుండి తుది తీర్పువరకు ముప్పదిమూడేండ్లు. అంతటితోనైనను తీరినదా? తీరలేదు. పరస్పర విరుద్ధములైన తీర్పులు వచ్చుచునే యుండుటచేత, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ధర్మాసనమొకటి ఈ 14వ సెక్షను చిక్కును విస్తృత ధర్మాసనమునకు నివేదించినది. చట్టము పుట్టి అరువదియెనిమిదేండ్లు గడచిన పిమ్మటను రెండు ఉపసెక్షనుల నడుమ సరిహద్దు ఎక్కడనో తేలలేదన్నమాట. ఒక రైతు తన పొలముగట్టును ఇన్నేండ్లు గుర్తింపకున్నచో ఊరివారు నవ్వుదురు. స్త్రీలకు హక్కు నొసగవలెనను శాసనసభ సంకల్పము గొప్పది. సంకల్పము మంచిదైనను వాక్యము చెడినచో, హక్కు చేతికందక వకీళ్ల కచేరీలలో చిక్కుకొనును.

చట్టమందలి ఒక్క విరామచిహ్నము ఎంత పని చేయునో అమెరికాలోని మేయిన్ రాష్ట్రము చూపినది. అదనపు గంటల వేతనము ఎవరికి అక్కరలేదో తెలుపు పనుల పట్టికలో, సరకును రవాణాకొరకు మూటగట్టుట లేక పంపిణీ అను చోట కామా లేదు. పంపిణీకొరకు మూటగట్టుటయా, పంపిణీ వేరొక పనియా? పాలకంపెనీ బండ్లు నడుపువారు మూటలు కట్టరు. పంపిణీ మాత్రము చేయుదురు. 2017లో అప్పీలు న్యాయస్థానము సందేహఫలము పనివారికే యిచ్చెను. 2018లో కంపెనీ 50 లక్షల డాలర్లిచ్చి రాజీపడెను. కామా లేనిచోట కోర్టు వచ్చినది.

తెలుగునకు ఇట్టి చిక్కు అంతగా రానక్కరలేదు. మన భాషయందు సంబంధమును తెలుపునవి చుక్కలును గీతలును గావు. విభక్తులును, సముచ్చయములును, క్రియారూపములును. వానిని వాడుకొననందుననే చిక్కు వచ్చుచున్నది. ఒక దస్తావేజున చెరువుక్రింది మాగాణియు మెట్టయు రెండెకరములు అని యున్నదనుకొందము. రెండును కలిసి రెండెకరములా? ఒక్కొక్కటి రెండెకరములా? రెండేసి యెకరములని వ్రాసినచో నాలుగెకరములని పసివాడును చెప్పును. వెరసి రెండెకరములని వ్రాసినచో మొత్తము రెండేయని తేలును. ఒక్క చిన్న ప్రత్యయము రెండెకరముల వ్యాజ్యమును మొలకలోనే త్రుంచగలదు. ఇట్టి వెసులుబాటు ఇంగ్లీషునకు లేదు; మనకు కలదు; మనము దానిని వాడుకొనుట లేదు.

వీలునామాలను చూతము. నా తమ్ముడును అతని భార్యయు మరణించినచో ఈ భూమి నా కుమార్తెకు చెందవలెను అని యొకడు వ్రాసెననుకొందము. ఒకరు మరణించినను చాలునా? ఇరువురును మరణింపవలెనా? ఇరువురును మరణించిన పిదప నని వ్రాయుటకు లేఖరికి పట్టు కాలము నిమిషమైనను గాదు. మరియొకటి: నా తదనంతరము నా భార్య అనుభవించి నా కుమారునికి చెందవలెను. క్త్వార్థక క్రియకును సమాపక క్రియకును కర్త యొక్కటే యుండవలెనని బడిపిల్లలు చదువుదురు. ఇచ్చట అనుభవించునది భార్య, చెందునది భూమి. కర్తలు రెండు. ఇది వ్యాకరణదోషము మాత్రమే యని తోసివేయరాదు. ఈ దోషము మాటున పెద్ద ప్రశ్న దాగినది. అనుభవించుట యన్నచో ఫలసాయము మాత్రమేనా, అవసరమునకు అమ్ముకొను హక్కు కలదా? నా భార్య జీవించియున్నంతకాలము ఫలసాయము అనుభవింపవలెను. ఆమెకు అమ్ముటకు గాని తాకట్టుపెట్టుటకు గాని హక్కు లేదు. ఆమె మరణించిన పిదప భూమి నా కుమారునికి సంపూర్ణ హక్కుతో చెందును. లేక, హక్కు కలదు, అని సూటిగ వ్రాయవలెను. మూడు వాక్యములు, మూడు కర్తలు, మూడు సమాపక క్రియలు. దీనివలన కాగితము రెండంగుళములు ఎక్కువైనను కాపురము నిలుచును.

కర్మణిప్రయోగము నేటి కచేరి తెలుగునకు పట్టిన చీడ. నోటీసు ఇవ్వబడవలెను, స్వాధీనము చేయబడును, తగు చర్య తీసికొనబడును. ఎవరు? ఎవరికి? ఎన్నటిలోగా? ఇంగ్లీషు వాక్యమును మాటకు మాట దించుటచేత పుట్టిన ఈ బడు ధాతువు చాటున కర్త దాగును. కర్త దాగినచోట బాధ్యత దాగును. తహశీలుదారు ముప్పది దినములలోగా రైతునకు నోటీసు ఇయ్యవలెను అని వ్రాయుడు. కర్త వెలికి వచ్చును. ఆలస్యమైనచో అడుగుటకు ఒక మనుష్యుడు దొరకును. ఆ ముప్పది దినములును ఏనాటినుండి లెక్కింపవలెనో అదియు వ్రాయుడు. నుండి, వరకు అను మాటలకే 1897 నాటి జనరల్ క్లాజుల చట్టము ఒక సెక్షను కేటాయింపవలసి వచ్చినది. నుండియన్నచో మొదటి దినము విడుచుట, వరకన్నచో తుది దినము కలుపుట అందలి నియమము. చట్టములకు అట్టి నియమము కలదు. రైతు వ్రాయించు అగ్రిమెంటునకు వ్రాసినదే శరణ్యము.

సరిహద్దుల సంగతి చెప్పనక్కరలేదు. తూర్పు ఫలానావారి చేను, పడమర ఫలానావారి చేను అని తాతలనాటి పేర్లే నకలు వెంబడి నకలు దిగివచ్చుచున్నవి. ఆ ఫలానావారు గతించిరి. వారి చేలు మూడు చేతులు మారినవి. పూర్వము కలము నకలు చేయుచుండెను. నేడు కంప్యూటరు చేయుచున్నది. కలము చేసిన తప్పు ఒక కాగితమున నిలుచును. యంత్రము చేసిన తప్పు వేయి కాగితములకు ప్రాకును. విస్తీర్ణమొకటి, హద్దులొకటి చెప్పిన దస్తావేజులలో సాధారణముగ హద్దులకే న్యాయస్థానములు ప్రాధాన్యమిచ్చును. కావున సర్వే నెంబరును, విస్తీర్ణమును, నేటి హద్దుదారుల పేర్లను సరిచూచుకొనక చేవ్రాలు చేయుట కన్నులు మూసికొని ఏరు దాటుటయే.

పదముల విషయమున మాకు ఛాందసము లేదు. ఫిర్యాదు, వాయిదా, జామీను, వకీలు, రుజువు, దస్తావేజు అను మాటలు పరభాషలనుండి వచ్చినవే. వానిని వెడలగొట్టి సంస్కృతసమాసములను తెచ్చి నిలుపుమని మేము కోరము. పరిటాల రైతునకు తెలిసిన మాటయే మాకు తెలుగు మాట. నిఘంటువు తెరచిన గాని తెలియని పదము సంస్కృతమైనను, పారసీకమైనను, ఇంగ్లీషైనను, పరాయి మాటయే. దాన విక్రయ వినిమయాది సర్వస్వాతంత్ర్యములతో అను సమాసము చెవికి గంభీరముగనే యుండును. అమ్ముకొనుటకు, దానమిచ్చుటకు, మారకము చేయుటకు పూర్తి హక్కు కలదన్నచో గాంభీర్యము తగ్గునేమో గాని హక్కు తగ్గదు.

ఇందుకు కొందరు న్యాయవాదులు ఒక ఆక్షేపణ చెప్పుదురు. న్యాయశాస్త్రము శాస్త్రము, వైద్యునికి వలెనే దానికిని పరిభాష కావలెను, ఏండ్లతరబడి న్యాయస్థానములు అర్థము నిర్ణయించిన పదములను మార్చినచో క్రొత్త వివాదములు పుట్టును. ఈ ఆక్షేపణలో సత్యము కలదు. తాకట్టునకును అమ్మకమునకును భేదము చెప్పు పదము, స్వాధీనమునకును యాజమాన్యమునకును భేదము చెప్పు పదము విడువరానివి. మేము విడువుమనుచున్నది పరిభాషను గాదు, పొగమంచును. వైద్యుడు తన శాస్త్రమున ఏ పదము వాడుకొనినను, రోగికి మందు ఎన్నిమారులు పుచ్చుకొనవలెనో అతని మాటలోనే చెప్పును. పదమునకు నిర్ణీతార్థమున్నచో ఉంచుడు. దాని చుట్టునున్న వాక్యమునైనను విప్పుడు. పదియేడు పంక్తుల వాక్యమున నిర్ణీతార్థ పదములు మూడుండును, తక్కినదంతయు అలవాటు.

న్యాయమూర్తులును ఈ విషయమున మేల్కొనుచున్నారు. 2017లో హిమాచలప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన ఒక తీర్పును సుప్రీంకోర్టు న్యాయమూర్తులు చదివి, అర్థము చేసికొన వలనుగాక త్రోసిపుచ్చి, మరల విచారింపుడని పంపిరి. అది ఇంటియజమానికిని అద్దెదారునికిని నడుమ తగవు. న్యాయమూర్తులకే అర్థముగాని తీర్పు ఆ ఇరువురికి ఏమి బోధపడియుండును? 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు మరియొక వ్యాజ్యమున, తీర్పు ఎవరి జీవితములను తాకునో వారికి అర్థమగునట్లు ఉండవలెననియు, పేరాలకు అంకెలు వేయవలెననియు, వివాదాంశము, వర్తించు చట్టము, దాని అన్వయము, నిర్ణయము అను క్రమము మేలనియు మార్గము చూపెను. 2023 జూనులో తెలంగాణ హైకోర్టు ధర్మాసనమొకటి భూవివాదపు అప్పీలున తెలుగున తీర్పు వెలువరించెను. ఇవి శుభసూచనలు.

అయినను రాజ్యాంగము 348వ అధికరణము ప్రకారము, పార్లమెంటు వేరుగ శాసించువరకు, హైకోర్టుల వ్యవహారభాష ఇంగ్లీషు. చట్టముల ప్రామాణిక పాఠమును ఇంగ్లీషే. దీనిని మార్చుటకు ఢిల్లీవరకు పోవలెను. క్రింది న్యాయస్థానముల భాషను నిర్ణయించు అధికారము మాత్రము సివిలు ప్రొసీజరు కోడు 137వ సెక్షను రాష్ట్రప్రభుత్వమునకే యిచ్చినది. ఆంధ్రప్రదేశ్ అధికారభాషాచట్టము 1966లోనే వచ్చినది. నందిగామ, జగ్గయ్యపేట న్యాయస్థానములలో సాక్షి తెలుగున చెప్పును, వకీలు తెలుగున అడుగును. తుదకు తీర్పు ఇంగ్లీషున వచ్చుట సాధారణముగ నున్నది. సుప్రీంకోర్టు 2019నుండి తీర్పులను దేశభాషలలోనికి మార్చుటకు యంత్రసహాయము తీసికొనుచున్నది. ఆ ప్రయత్నము ప్రశంసనీయమే. కాని మూలము మసకగానున్నచో యంత్రము మసకను వెలుగు చేయజాలదు. ఇంగ్లీషున అర్థముగానిది తెలుగున రెండింతలు అర్థము గాదు.

చట్టము ప్రజలకు వారి భాషలో తెలియకున్నచో ఏమగునో భూమిహక్కుల చట్టమునందు చూచితిమి. ఆంధ్రప్రదేశమున 2023లో అమలులోనికి వచ్చిన ఆ చట్టము 2024లో రద్దయ్యెను. దాని మంచిచెడుగుల విచారణ వేరు. కాని ఆ కాలమున దానిని పొగడినవారును, తెగడినవారును ఒకే చట్టమును చూపి రెండర్థములు చెప్పుచుండగా, పొలముగల రైతు తానే చదివి తేల్చుకొను వీలు లేక ఇరువురి మొగములను చూచుచు భయపడెను. చదివి తెలిసికొనగల చట్టము తెలుగున అతని చేతనుండినచో, ఆ భయమేనియు తొలగియుండును, ఆ ఆక్షేపణయేనియు నిలిచియుండును. తెలియని చట్టమునకు విధేయుడగుట పౌరధర్మము గాదు. అది పాత కాలపు దాస్యమునకు క్రొత్త పేరు.

ఇక చేయవలసినదేమి? శాసనసభలో ప్రవేశపెట్టు ప్రతి బిల్లునకును తెలుగు పాఠమును ఇంగ్లీషునుండి దించుటకు మారుగ, రెండు పాఠములను కలిసి కూర్చునట్టి ఏర్పాటు చేయవలెను. తెలుగున చెప్పరాని వాక్యము ఇంగ్లీషునను అస్పష్టముగనే యుండునని కూర్చువారికి అప్పుడు తెలియవచ్చును. ప్రతి ముఖ్యమైన సెక్షనుక్రిందను దృష్టాంతములు చేర్చు పూర్వపద్ధతిని పునరుద్ధరింపవలెను. నందిగామలో జన్మించిన న్యాయవాది అయ్యదేవర కాళేశ్వరరావుగారు 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి సభాపతులైరి. ఆ సీమనుండి సభకు పోవు ప్రతినిధులు ఈ పనికి పూనుకొనుట ఆయన స్మృతికి తగిన గౌరవము.

న్యాయకళాశాలలలో వాక్యరచనను ఒక పాఠముగ బోధింపవలెను. క్రింది న్యాయస్థానములలోని తీర్పునకు, ఎవరు గెలిచిరి, ఏల గెలిచిరి, ఎవరు ఎన్నటిలోగా ఏమి చేయవలెను అను మూడు విషయములు తెలుపు తెలుగు సారాంశమును జతచేయుటకు ఏ చట్టమును అడ్డురాదు. రిజిస్ట్రేషను శాఖవారు అమ్మకము, దానము, భాగపరిష్కారము, వీలునామా, కౌలు మొదలగువానికి మంచి తెలుగున నమూనాలు సిద్ధపరచి, భాషావేత్తలచేతను న్యాయవేత్తలచేతను దిద్దించి, ప్రతి కచేరిలోను ఉంచవలెను. లేఖరులను దూషించుట మా ఉద్దేశము గాదు. తరతరములుగ గ్రామముల ఆస్తులను కాగితముమీద నిలిపినవారు వారు. వారికి మంచి నమూనా నిచ్చినవారు లేకపోవుట ప్రభుత్వము లోపము.

కడపట, వ్రాయించువారి బాధ్యత. ఎద్దును కొనునప్పుడు పండ్లు చూచి, నడిపించి, సుడులు లెక్కించి కొను రైతు, యావదాస్తిని నిలుపు కాగితమును చదువకయే చేవ్రాలు చేయుట ఏమి వివేకము? ప్రతి వాక్యమునకును ఎవరు, ఎవరికి, ఏమి, ఎంత, ఎన్నడు అను అయిదు ప్రశ్నలు వేయుడు. సమాధానము దొరకని వాక్యమును తిరిగి వ్రాయుమనుడు. లేఖరి విసుగుకొనినను వెనుదీయకుడు. తెలియలేదని చెప్పుట సిగ్గు గాదు. తెలియనిదానికి తలయూపుటయే సిగ్గు. ముఖ్యముగ ఇంటి ఆడవారి హక్కులు తెలుపు పత్రములను వారికి వారి మాటలలో విప్పి చెప్పి, వారిచేత మరల చెప్పించుకొని గాని ముగింపకుడు. తులశమ్మ వ్యాజ్యము నేర్పిన పాఠమిది.

పరిటాల సీమవారు ఒకప్పుడు తమ గ్రామమునకు పై ప్రభుత్వము అనుమతికై ఎదురుచూడక స్వాతంత్ర్యము చాటుకొనిరి. భాషావిషయమునను అట్టి చొరవ సాధ్యమే. హైకోర్టు భాష మారుటకు పార్లమెంటు కావలెను; తన దస్తావేజును తనకు తెలిసిన తెలుగున వ్రాయించుకొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. ఆ గ్రామములలో ఇకమీదట పుట్టు ప్రతి దస్తావేజును, ఇచ్చువాడును పుచ్చుకొనువాడును చదివి, విని, తెలిసికొని చేవ్రాలు చేసినదగునుగాక యని ఆశించుచున్నాము. తెలిసికొని యను ఆ ఒక్క మాట తుది పంక్తిలో చేరి నిజమైననాడు, నందిగామ కచేరి వాకిట సగము వ్యాజ్యములు పుట్టకయే చచ్చును.